ఇంజను ముందు దొర్లిన నిమ్మకాయ

మా బొమ్మ రైలింజనుకు కూత పురుగుమందు స్ప్రేయరు నుంచి వచ్చింది. మిరప చేలల్లో ఏళ్ల తరబడి మందు చిమ్మి అరిగిపోయిన ఇత్తడి నాజిళ్లు చిలకలూరిపేటలో ఒక పాత సామాన్ల కొట్లో గుట్టగా పడి ఉంటే, అందులోంచి ఒకటి ఏరుకొచ్చాను. చాకలి సోడా నీళ్లలో ఉడకబెట్టి కంపు వదిలించాను. డ్రిల్లు మిషనుకు బిగించి, తిరుగుతుండగా సన్న ఆకురాయి ఆనించి, చిటికెన వేలి గోరంత చేశాను. ఊదితే గాలి తప్ప ఏమీ రాలేదు. లోపలి చీలికను వెంట్రుకవాసి తగ్గించి మళ్లీ ఊదాను. పాడయింది. ఇంకో నాజిలు. అట్లా కొట్టువాడి గుట్ట సగం తరిగాక ఒకటి కూసింది.

నా పనంతా అలాంటిదే. బాయిలరు, చట్రం, చక్రాలు, సిలిండర్లు మావాడివి. మావాడంటే పాలిటెక్నిక్‌లో వర్క్‌షాపు చూసుకుని రిటైరైన నా మిత్రుడు. వాళ్లింటి వెనక రేకుల షెడ్డులో లేతు మిషను ఉంది. నేను ఫిజిక్స్ చెప్పుకుని బతికినవాణ్ని, నాకు లేతు లేదు, బల్ల ఉంది. బల్ల మీద చెయ్యగలిగినవన్నీ నావి. సైకిలు పుల్లలు సాగదీసి డ్రైవరు పట్టుకునే కడ్డీలు చేశాను. మా బ్రాడీపేటలో ఆసుపత్రి లేని వీధి ఉండదు కాబట్టి, తెలిసిన ఒక కాంపౌండరు గడువు దాటిన ఇంజెక్షను సూదులు ఇస్తే, వాటిని కోసి నూనె గొట్టాలుగా వంచాను. రివెట్లకైతే పల్చటి ఇత్తడి రేకును సీసపు దిమ్మ మీద బోర్లించి, మొద్దు సూదితో వెనక నుంచి ఒక్కొక్క చుక్కే పొడవాలి. ఇటు తిప్పి చూస్తే అవి రివెట్ల తలల్లా వరసగా లేస్తాయి. ఒక్క చుక్క వరస తప్పితే రేకంతా పారెయ్యడమే. పొగపెట్టె తలుపు ఒక్కదానికే ఎన్ని రేకులు పారేశానో నాకే తెలియదు.

బొమ్మల మీద మోజుతో మొదలుపెట్టిన పని కాదిది. వయసులో ఉన్నప్పుడు మేమిద్దరం బాబాల మహిమల గుట్టు విప్పుతూ అద్దంకి నుంచి సత్తెనపల్లి దాకా తిరగని ఊరు లేదు. మావాడు స్టేజీ మీద నాలుకలో శూలం దింపుకునేవాడు, అరచేతిలో కర్పూరం వెలిగించుకునేవాడు, నిప్పుల మీద నడిచేవాడు. అదెలా సాధ్యమో నేను మైకులో చెప్పేవాణ్ని. ఒక ఊళ్లో రాళ్లు పడ్డాయి. నా నుదుటి మీద మచ్చ అప్పటిదే. ఆ రోజు కూడా మావాడు కదలకుండా నిలబడి, "కారణం చెప్పేదాకా స్టేజీ దిగం. కొట్టుకోండి, కొట్టడం అయ్యాక వినండి" అన్నాడు. విన్నారు కూడా.

ఇప్పుడు రాళ్లు వేసేవాళ్లు కూడా లేరు. సభ పెడితే మైకువాడు, కుర్చీలవాడు, మేమిద్దరం. మా వీధిలోని కోచింగ్ సెంటర్లలో పిల్లలు న్యూటను సూత్రాలు నిద్రలో కూడా అప్పజెబుతారు. పరీక్ష పొద్దున పెన్నును దేవుడి పాదాల దగ్గర పెట్టించుకుని, బల్లి పడితే ఆగి, మళ్లీ బయల్దేరతారు. వాళ్లకు ఉపన్యాసాలు అక్కర్లేదని, వస్తువు చూపించాలని ఒకరోజు టీ తాగుతూ ఇద్దరం అనుకున్నాం. వినుకొండ, దొనకొండ మీదుగా మా చిన్నప్పుడు ఆవిరి ఇంజను తిరిగేది. దసరాకు దాని మొహానికి బొట్లు పెట్టి, అరటి పిలకలు కట్టి, గుమ్మడికాయ కొట్టేవాళ్లు. ఆ ఇనుప కడుపులో ఏముందో మాత్రం ఒక్కడూ విప్పి చూపించలేదు. మేం చూపిద్దాం అనుకున్నాం. పిల్లల ముందు ఒక్కొక్క భాగం విప్పి, లోపల నీళ్లు, నిప్పు తప్ప ఇంకేమీ లేవని చూపించి, మళ్లీ బిగించి నడపాలి. ఊరూరా బడులకు తీసుకెళ్లాలి. చిలకలూరిపేట దగ్గర ఒక హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గారు మొదటి కార్యక్రమానికి ఒప్పుకున్నారు కూడా. మా ఇద్దరికీ మిగిలిన పని అదొక్కటే. నాకు మిగిలిన మనిషి కూడా వాడొక్కడే.

కట్టేటప్పుడు ఒక్క విషయంలోనే గట్టిగా పోట్లాడుకున్నాం. ఆవిరి ఇంజను సిలిండరు మొదట చల్లగా ఉంటుంది. అందులోకి వెళ్లిన ఆవిరి నీరైపోతుంది. గాలినైతే నొక్కచ్చు గానీ నీళ్లను నొక్కలేం, పిస్టను అక్కడే ఇరుక్కుపోతుంది. అందుకే అసలు ఇంజనుకు సిలిండర్ల కింద చిన్న కుళాయిలుంటాయి. బయల్దేరే ముందు డ్రైవరు అవి తెరిచి నీళ్లు వదిలేస్తాడు. వాటిని నిజంగా పనిచేసేట్టు చేస్తానన్నాను. మావాడు తన సిలిండరుకు కన్నం పెట్టనివ్వలేదు.

"ఒరేయ్, ఇంత బొమ్మకి కుళాయెందుకురా? పైకి కనపడేట్టు అతికించు, చాలు."

"నీళ్లు పట్టేస్తే?"

"చేత్తో నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ తోస్తే పొగగొట్టంలోంచి కక్కేస్తుంది. పసిపిల్లాడికి కూడా తెలుసు. పో, నీ సూదులు నువ్వు వంచుకో."

వాడి సిలిండరు, వాడిష్టం. ఉత్తుత్తి కుళాయిలు చేసి టంకం పెట్టాను.

మొదటిసారి నడిపింది ఒక ఆదివారం పొద్దున, వాళ్ల డాబా మీద. పట్టాలు గుండ్రంగా వేశాం. మేమిద్దరమే ఉంటాం అనుకున్నాను. మెట్లెక్కేసరికి కింద వాటాలో అద్దెకున్నవాళ్లు, పక్కింటివాళ్లు, మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో మావాడి వియ్యంకుడు ఉన్నారు. మిర్చి కమీషను వ్యాపారం, తుళ్లూరు వైపు ప్లాట్లు, తెల్ల లాల్చీ, నాలుగు వేళ్లకు నాలుగు రంగు రాళ్లు. చెడ్డమనిషేం కాదు, నవ్వుతాడు, నవ్విస్తాడు. మావాడి కూతురు వాళ్లింటి కోడలు.

నీళ్లు పోశాం. బాయిలరు కింద స్పిరిటు వత్తులు వెలిగించాం. ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు మెల్లగా లేచింది. సేఫ్టీ వాల్వు బుస కొట్టింది. ఆవిరి దారి తెరిచే మరను మావాడు తిప్పాడు. ఇంజను ఒక్క కుదుపు కుదిపి, పొగగొట్టంలోంచి ఉమ్మేసినట్టు కాసిని నీళ్లు చిమ్మి, ఆగిపోయింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ కుదుపు, మళ్లీ అంతే.

"ఏంటి బావగారూ, మొరాయించింది?" అన్నాడు వియ్యంకుడు.

"ఏం లేదు బావగారూ. సిలిండరు చల్లగా ఉంది."

"కింద ఇంత మంట పెట్టి చల్లగా ఉందంటారేంటండీ!"

డాబా అంతా నవ్వింది. నవ్వితే ఏమవుతుంది? కానీ మావాడి చెవులు ఎర్రబడ్డాయి. రాళ్ల వానలో నిలబడినవాడు ఆ నవ్వులో నిలబడలేకపోయాడు.

"అది మంట సంగతి కాదండీ. ఆవిరి లోపల నీరైపోయి పిస్టనుకి అడ్డం పడింది" అన్నాను నేను.

"నీళ్లు పోసింది కూడా తమరే కదండీ మాస్టారూ!" మళ్లీ నవ్వు. "దిష్టండీ బాబూ. కొత్త బండి. నేను మొన్న కారు కొన్నా, అంతకుముందు మా అబ్బాయికి ట్రాక్టరు కొన్నా. నిమ్మకాయ తొక్కించకుండా గేటు దాటనిచ్చానా? చెల్లెమ్మా, ఓ నిమ్మకాయ పట్రా తల్లీ!"

మావాడి భార్య నిమ్మకాయ తెచ్చింది. ఆమె దాన్ని భర్త చేతిలో పెట్టబోతే నేను వాడి మొహం వంక చూశాను. ఎన్ని ఊళ్లలో ఎన్ని నిమ్మకాయలు కోసి, రక్తంలా కారే ఎర్రరంగు రహస్యం చెప్పిన చెయ్యది! ఆ చెయ్యి నిమ్మకాయ అందుకుంది.

ముందు చక్రం కింద కాయ పెట్టాలంటే ఇంజనును వెనక్కి జరపాలి. వాడు లాగాడు. బిగిసిపోయింది. ముందుకు తోశాడు, వెనక్కి లాగాడు, మళ్లీ ముందుకు, మళ్లీ వెనక్కి. తోసినప్పుడల్లా పొగగొట్టం వేడినీళ్లు కక్కింది. వియ్యంకుడి లాల్చీ మీద కూడా నాలుగు చుక్కలు పడ్డాయి. చక్రాలు వదులయ్యాయి. నా కళ్ల ముందే, వాడి చేతుల్లోనే, కుళాయిలు చెయ్యాల్సిన పని నిమ్మకాయ పేరుతో జరిగిపోయింది. తలెత్తి నన్ను చూశాడు. చేతికి తెలిసింది వాడికి. నాకు తెలిసినంతా వాడికి తెలిసింది.

కాయ పెట్టి మర తిప్పాడు. ఇంజను కదిలింది. చక్రానికంటే కాయే పెద్దది, తొక్కడం దాని వల్ల కాలేదు. మూతితో నెట్టుకుంటూ పోయింది. నిమ్మకాయ పట్టాల మధ్య ముందు దొర్లుతూ, వెనక ఇంజను ఊపిరి తీస్తూ, రెండూ మలుపు దాకా వెళ్లాయి. అక్కడ కాయ పట్టా దాటి పడి పిట్టగోడ వారకు పోయింది.

"చూశారా! దిష్టి ఎట్టా దొర్లుకుంటా పోయిందో!" అని వియ్యంకుడు కుర్చీలోంచి లేచాడు. చప్పట్లు. సెల్‌ఫోన్లు బయటికొచ్చాయి.

ఇంజను తిరుగుతోంది. పక్క కడ్డీలు లేస్తూ వాలుతూ, సూది గొట్టాల మీద ఎండ తళుక్కుమంటూ, నా స్ప్రేయరు మూతి సన్నగా, స్పష్టంగా కూస్తూ ఉంది. ఆ క్షణం కోసం నా చూపు సగం పోగొట్టుకున్నాను. దాన్ని చూడలేకపోయాను. మావాణ్నే చూస్తున్నాను.

"చెప్పరా" అన్నాను, పక్కకు వెళ్లి.

"ఏం చెప్పను?" గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు.

"నీళ్లు ఎట్లా పోయాయో చెప్పు. నేను చెబితే నవ్వారు. నువ్వు చెబితే వింటారు."

"ఇప్పుడెందుకులేరా. తిరుగుతోందిగా."

"ఏమంటున్నారు మాస్టారు?" అన్నాడు వియ్యంకుడు.

మావాడు నా వంక చూడకుండా జవాబిచ్చాడు. "ఏం లేదు బావగారూ. కూత బాగా కుదిరిందంటున్నాడు."

జీవితంలో చాలామంది నన్ను అబద్ధాలకోరన్నారు. నా తరఫున అబద్ధం చెప్పినవాడు వాడొక్కడే. నేను మెట్లు దిగి వచ్చేశాను.

బాబాతో వాదించడం సులువు. వాడి పొట్ట వాడి మాయలో ఉంటుంది, మన పొట్ట వాడి చేతిలో ఉండదు. పదివేలమంది ముందు దేవుణ్ని కాదనగలిగే మొనగాళ్లు మా జిల్లాలో చాలామంది ఉండేవారు. అందులో ఒక్కడు కూడా వియ్యంకుణ్ని కాదనగలిగినట్టు నేను చూడలేదు. సంఘ సంస్కరణ అంతా పెళ్లి పందిరి దాకా వచ్చి అక్కడ చెప్పులు విడిచింది. ఇదేం కొత్త సంగతి కాదు, నేనే రాశాను, ఇతరుల గురించి.

హైస్కూలు కార్యక్రమం దగ్గరపడింది. మావాడు ఫోను ఎత్తడం లేదు. సరే అని వాళ్లింటికి వెళ్లాను. హాల్లో, టీవీ పక్కన, అద్దాల పెట్టెలో ఉంది ఇంజను. లోపల చిన్న లైటు. పొగపెట్టె తలుపుకు నడిమధ్య కుంకుమ బొట్టు, చుట్టూ పసుపు. ఆ పసుపు నా రివెట్ల సందుల్లోకి దిగి గట్టిపడింది.

"ఎల్లుండి పేట బడికి తీసుకెళ్లాలి" అన్నాను.

"ఈ పెట్టె బావగారు చేయించారురా" అన్నాడు. "బయటికి తీస్తే బాగుండదు."

"బాగుండదా, దిష్టి తగులుతుందా?"

"రెండూ అనుకో."

"నువ్వు నమ్ముతున్నావా?"

"నమ్మకం సంగతి ఎవడడిగాడురా? అమ్మాయి వాళ్లింట్లో ఉంది. ఆయన సరదాపడి ఏదో చేశాడు. నేను కాదంటే ఆ మాట రేపు దానికి వినపడుతుంది. నీకేం, పోయి ఒక వ్యాసం రాసుకుంటావు."

"నాలుకలో శూలం గుచ్చుకున్నప్పుడు అమ్మాయి లేదా?"

"ఉంది. పెళ్లి కాలేదు."

ఎన్నో వాదాల్లో గెలిచినవాణ్ని, ఇది వాదమే కాదు. వాడు భయపడుతున్నది దేవుడికైతే ఇంత చదువులో ఒక మాట దొరికేది.

"పోనీ, ఆ బొట్టయినా తుడువు. ఇత్తడి పాడవుతుంది" అన్నాను.

వాడు గొంతు తగ్గించాడు. "ఒరేయ్, ఆవిడ వస్తోంది."

వాళ్లావిడ కాఫీ తెచ్చింది. "అన్నయ్యగారూ, మీ ఇంజను వీడియో ఎంతమంది చూశారో తెలుసా? మా పుట్టింటివాళ్లు కూడా ఫోన్ చేశారు. నిమ్మకాయ దొర్లేది చూసి ఒకటే నవ్వు." ఆవిడ సంతోషంలో కల్మషం లేదు. కాఫీ తాగాను. చక్కెర ఎక్కువైంది. మావాడు పెట్టెలోకి చూస్తూ కూర్చున్నాడు, నేను లేచినా లేవలేదు.

ఇంటికి వచ్చి హెడ్‌మిస్ట్రెస్‌గారికి ఫోన్ చేశాను. ఇంజను రాదని, నేనొక్కణ్నే వచ్చి బోర్డు మీద బొమ్మ వేసి పిల్లలకు చెబుతానని అన్నాను.

"అయ్యో, ఆ నిమ్మకాయ ఇంజనే కదండీ? మా స్టాఫంతా చూశాం" అన్నారావిడ. "ఇంజను లేకుండా ఉత్త మాటలకైతే పిల్లల్ని కూర్చోబెట్టడం కష్టమండీ. మళ్లీ టెన్త్‌వాళ్లకు స్లిప్ టెస్టులు. చూసి చెప్తాను మాస్టారూ."

ఇంకా చూస్తున్నట్టున్నారు.