ఆకుకూరల అవ్వ రాయి

మా నాయనకు ఉప్పల్‌లో కిరాణా దుకాణం. ఇద్దరు మేనమామలవీ దుకాణాలే, ఒకటి బట్టలది, ఇంకోటి ఇనుప సామానుది. అందుకని నాకు అక్షరాలకన్నా ముందు బేరం వచ్చింది. పెళ్లయి నాచారం కాలనీకి వచ్చాక ఈ విద్య వారం తిరక్కుండానే బయటపడింది. ఫ్యాక్టరీల్లోనూ రైల్వేలోనూ పనిచేసేవాళ్ల కాలనీ మాది. ఆడవాళ్లు బాగా చదువుకున్నవాళ్లు, ధర చెప్పగానే సంచి నోరు తెరిచేసే రకం. బేస్తవారం అంగడికి వాళ్లు నన్ను ముందు నడిపించేవారు, పెళ్లి ఊరేగింపుకు బ్యాండు మేళాన్ని నడిపించినట్టు. మా ఆయన మాత్రం వచ్చేవాడు కాదు. "నువ్వు బేరం చేస్తుంటే గా అమ్మెటోళ్ల మొఖం నేను సూడలేను" అనేవాడు.

అంగడి రోడ్డు వారన సాగేది. దాని వెనకాలే లేఅవుట్‌లో పార్కు కోసమని వదిలిన జాగ. కాగితం మీద పార్కు, కంటికి మాత్రం ఓ గోడ, ఓ గేటు, వాటి లోపల సర్కారు తుమ్మ, పగిలిన కుండలు, మేకలు.

ఎనభైలు అయిపోవస్తున్న రోజులవి. మా కాలనీ సంఘం అధ్యక్షుడు రైల్వేలో రిటైరైన పెద్దమనిషి, కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. ఆయన ఇంటింటికీ తిరిగి, "మనం చెయ్యకపోతే ఇంకెవరు చేస్తారమ్మా?" అని అందరినీ శ్రమదానానికి ఒప్పించాడు. అంగడిని వెళ్లగొట్టాలని ఎవరికీ లేదు. లోపల పార్కు, బయట అంగడి, అదీ మాట. ఆకుకూరలు లేకుండా ఎట్లా బతుకుతాం మరి?

ఆదివారం పొద్దున్నే పారలు, గడ్డపారలు పట్టుకుని దిగాం. చర్చికి వెళ్లే ఇళ్లవాళ్లు ప్రార్థన కాగానే ఇస్త్రీ బట్టలతోనే వచ్చి తుమ్మకంప లాగారు. మధ్యాహ్నానికి నేల కనిపించింది. ఇక పూలమొక్కల పాదుల చుట్టూ పేర్చడానికి రాళ్లు కావాలన్నారు. రోడ్డు వారన ఎడం ఎడంగా బోలెడు రాళ్లు పడి ఉన్నాయి. అందరం కొంగులు బిగించి వాటి మీద పడ్డాం. నేనైతే వంకాయలు ఏరినట్టే ఏరాను. తిప్పి చూసి, తట్టి చూసి, వంకరవి పక్కన పడేశాను. మిగతావాటికి ఒకటి విడిచి ఒకటి సున్నం, ఎర్ర జాజు పూసి పాదుల చుట్టూ పెట్టాం. వాటిల్లో పగిలిన విసుర్రాయి ఒకటి దొరికింది, నల్లగా, బల్లపరుపుగా. ఇల్లు కట్టుకుంటున్న ఒకాయన మిగిలిన సిమెంటు ఇస్తే దాన్ని గేటు ముందర మెట్టుగా పాతేశాం. అధ్యక్షుడు రెండు కాళ్లూ దానిమీద పెట్టి నిలబడి, "బ్రహ్మాండంగా ఉందమ్మా" అన్నాడు.

బేస్తవారం పొద్దున నేను మా మేళంతో అంగడికి పోయేసరికి అక్కడ బేరాలు లేవు. పంచాయితీ నడుస్తోంది.

అంగట్లో ఎవరి జాగలో వాళ్ల రాయి ఉంటుంది. అంగడి లేని రోజుల్లో ఆ రాయే మనిషి బదులు కూర్చుంటుంది. రాయి ఎవరిదో జాగ వాళ్లది. ఇంకొకరి రాయిని ఎవరూ ముట్టరు. ఈ సంగతి కాలనీవాళ్లకు తెలియకపోతే తెలియకపోయింది, నాకైనా తెలియాలి, మా తాత అంగళ్లు తిరిగి బెల్లం అమ్మినవాడు. అయినా పార్కు కట్టే ఉత్సాహంలో ఉన్నప్పుడు రాయి నాకూ రాయిలాగే కనిపించింది.

చాలామంది పాదుల దగ్గరికి పోయి, సున్నం గీకి, తమ రాయి గుర్తుపట్టి మోసుకొచ్చుకున్నారు. ఒక్క ఆకుకూరల అవ్వకే రాయి దొరకలేదు. నాగోలు దిక్కు మూసీ ఒడ్డున పండించిన పాలకూర, పుంటికూర గంపలో పెట్టుకుని బస్సులు మారి వచ్చేది. మూల జాగ ఆమెది, వాళ్ల అత్త నుంచి వచ్చింది. బస్సు దిగినవాళ్లు మొదట చూసేది ఆ మూలనే. ఇప్పుడక్కడ ఉల్లిగడ్డలు అమ్మే ఒకతను కొత్తగా వచ్చి బస్తాలు దించాడు. ఇక వెనక వరస చివర్లో తప్ప ఖాళీ లేదు. అక్కడ కూర్చుంటే కొనేవాళ్లు వచ్చేలోపు ఆకు వాడుతుంది, గంపతోనే ఇంటికి పోవాలి.

"మా అత్త కాలం సంది గీడనే కూసుంటున్న. నీకు మూతిమీద మీసం రాకముందు సంది" అంటోంది అవ్వ.

"మీసం ముచ్చట ఎందుకు గని, రాయి సూపెట్టు. లేస్త" అన్నాడతను.

కట్టుబాటు అతని వైపే ఉంది.

అవ్వ నావైపు తిరిగింది. "బిడ్డా, నా ఇసుర్రాయి మీ పార్కోళ్లే తీస్కపోయిన్రా?"

నేను అధ్యక్షుణ్ణి పిలుచుకొచ్చాను. ఆయన మెట్టును చూసి, అవ్వను చూసి నొచ్చుకున్నాడు. "సిమెంటు గట్టిపడిపోయింది. పెకలిస్తే ముక్కలవుతుంది. ఇంకో మంచి రాయి ఇప్పిస్తానమ్మా."

"ఏ రాయి వడితే గా రాయి నాదెట్లయితది సారూ? నాకు ఇంకో అత్తను గూడ ఇప్పిస్తవా?"

అప్పుడు నేను, "ఈ బేరం నాకు వదిలేయండి" అన్నాను. ఎవరూ అడగలేదు. నాకే ఆగలేదు.

దుకాణంలో పెరిగినవాళ్లకు బోనీ అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. మొదటి గిరాకీ ఉత్త చేతుల్తో వెళ్లిపోతే మా నాయన ఆ పూటంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేవాడు కాదు. మా వాళ్ల చెవుల్లో ఒక ముక్క ఊదాను. ఒక్కొక్కరే పోవడం, ఉల్లిగడ్డల ధర అడగడం, రెండు ఎత్తి నొక్కి చూసి, "ఊహూ" అని అక్కడే పెట్టేసి కదిలిపోవడం. చదువుకున్న ఆడవాళ్లు ఇంత బాగా నటిస్తారని నేననుకోలేదు. వాళ్లను చూసి మిగతావాళ్లూ అతని దగ్గర ఆగలేదు. అతను మొదట నవ్వాడు. తర్వాత తరాజు తుడిచాడు. తర్వాత ఊదుబత్తి ముట్టించాడు. ఎండ గోడ దిగి బస్తాల మీదికొచ్చింది.

"అక్కా, జర బోనీ చెయ్యి" అన్నాడు చివరికి నాతో.

"జాగ ఇడువు, చేస్త."

"జాగకు, బోనీకి ఏం సంబంధమక్కా?"

"నీకు తెల్వదా?"

అతను కాసేపు తల గోక్కున్నాడు. "సరే తియ్యి. గని నేను చెప్పిన ధరకే తీసుకోవాలె. బోనీ కాడ బేరం చేస్తే నాకు కలిసిరాదు. రెండు సంచులు నింపుకోని పో."

అందరూ చూస్తున్నారు. నోటిదాకా వచ్చిన బేరాన్ని మింగేశాను. పుట్టి బుద్ధెరిగాక చెప్పిన ధరకు వస్తువు కొన్నది అదే మొదటిసారి.

అతను బస్తాలు ఈడ్చుకున్నాడు. నేను చెరో చేత్తో ఓ సంచి పట్టుకుని, గెలిచిన పహిల్వానులా వెనక్కి తిరిగాను. అవ్వ లేదు. పార్కు గేటు ముందర, మెట్టు మీద గోనెపట్ట పరిచి కూర్చుని పాలకూర మీద నీళ్లు చిలకరిస్తోంది. గంప సగం ఖాళీ అయింది. పొద్దుటి నుంచి నా నాటకం చూడ్డానికి గేటు దగ్గర చేరినవాళ్లంతా నిలబడ్డచోటే ఆకుకూరలు కొనేశారు.

"అవ్వా, రా! జాగ ఖాళీ చేయించిన!"

"ఏ జాగ?"

"నీ జాగే!"

"నా జాగ గిదే. రాయి ఏడుంటే జాగ గాడ. బేరం చేసినప్పుడల్ల దుకాణంల పుట్టిన్నంటవు, గింత తెల్వదా బిడ్డా?"

ఉల్లిగడ్డలతనే అందరికన్నా గట్టిగా నవ్వాడు. బస్తాలు మళ్లీ మూలకు ఈడ్చుకున్నాడు.

అధ్యక్షుడు మెట్టు దగ్గరికొచ్చి, "మేము లోపలికెలా వెళ్లాలమ్మా?" అన్నాడు.

"పక్కనుంచి పోండ్రి సారూ. వచ్చేటప్పుడు కొత్తిమీర తీస్కపోండ్రి."

నా కష్టానికి ఏదో ఒకటి దక్కకపోతుందా అని, "నీ కోసం గింత కొట్లాడిన, ఒక కట్ట కొసరెయ్యరాదు?" అన్నాను.

"కొట్లాడి ఉల్లిగడ్డలు కొన్నవ్. నా కాడ ఏం కొన్నవ్? బోనీ గూడ వానికే చేస్తివి" అంది. పుంటికూర కట్ట చేతిలో పెట్టి, నన్ను ఎగాదిగా చూసి, దాని ధర మాత్రం తీసుకుంది.

ఇంటికొచ్చాక మా ఆయన సంచుల్ని చూసి, "ఎంతకు వడ్డయి?" అన్నాడు. మంచినీళ్లు కావాలా అని అడిగాను. చాన్నాళ్లు మా ఇంట్లో ఉల్లిగడ్డ పులుసే.

బేస్తవారం నాడు జనం పక్కకు తిరిగి పార్కులోకి పోవడం అలవాటు చేసుకున్నారు. కొన్నాళ్లు చూసి సంఘంవాళ్లు పక్కన చిన్న గేటు పెట్టించారు. తొంభైల్లో పార్కు బాగుచేయడానికి కాంట్రాక్టరు వచ్చి పెద్ద గేటు మార్చి కొత్త మెట్లు కట్టాలన్నాడు. పాత మెట్టు మీద గడ్డపార వేయబోతే మా అధ్యక్షుడే అడ్డం పోయాడు.

"అది వదిలెయ్యవయ్యా. పార్కుది కాదు. ఆకుకూరలావిడది."