ఒప్పులకుప్ప ఆడిన మధ్యాహ్నం

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. ట్రైనింగు ముగించుకుని మాచర్లలో ఒక మిషను బళ్లో కొత్తగా చేరాను. మాటలు సరిగా రాని పిల్లల్నీ, అందరితో కలిసి చదవలేని పిల్లల్నీ ఒక గదిలో కూర్చోబెట్టి నాకప్పగించారు. అలాంటివాళ్లకు వేరే బడులుంటాయని మేమెవరమూ వినలేదు.

వాళ్లలో గురజాల వైపు రైతుల బిడ్డ ఒకతి. తొమ్మిదేళ్లుంటాయి, మాటలు లేవు. గట్టి చప్పుడు తట్టుకోలేకపోయేది. ఒక మధ్యాహ్నం బడి రేకుల మీద కోతులు దూకాయి. ఆ పిల్ల చెవులు మూసుకుని కేక పెట్టింది. పలకలు విసిరింది. పట్టుకోబోతే నా చెయ్యి కొరికింది. "ఆగవే, ఆగు" అని నేను అరిచేకొద్దీ తల గోడకేసి బాదుకుంటోంది.

అంతలో పెద్ద టీచరమ్మ వచ్చింది. బడికి ఆవిడే పెద్ద, మనిషీ భారీగానే ఉండేది.

"నువ్వు అరవమాక అమ్మాయ్. అది అరుస్తున్నది చాలు," అంది గొంతు తగ్గించి.

మిగతా పిల్లల్ని వరండాలోకి పంపింది. చాప మడిచి ఆ పిల్ల తలకూ గోడకూ మధ్య ఆనించింది. తర్వాత కాస్త దూరంగా నేలమీద చతికిలబడి, అటు చూడకుండా కూర్చుంది. నన్నూ కూర్చోమంది.

చాలాసేపటికి కేకలు తగ్గాయి. పిల్ల గది మధ్యకొచ్చి తనంతట తనే గిరగిరా తిరగసాగింది.

"లెగు, చేతులు చాపు. నువ్వు పట్టుకోమాక, అదే పట్టుకుంటది," అంది పెద్ద టీచరమ్మ.

నిజంగానే పట్టుకుంది. కాళ్లు దగ్గర పెట్టి, వెనక్కి వాలి, ఇద్దరం ఒప్పులకుప్ప తిరిగాం. నా ముడి ఊడిపోయింది. కిటికీలూ గోడలూ కలిసిపోయి పరుగెత్తాయి. పిల్ల నవ్వింది. ఆ నవ్వు వినడం నాకదే మొదలు. నేను కళ్లు తిరిగి కూలబడితే, పెద్ద టీచరమ్మ కొంగు దోపుకుని నా చోటికొచ్చింది. వరండాలో పిల్లలు ఆగుతారా, జంటలు జంటలుగా వాళ్లూ మొదలెట్టారు.

అప్పుడే మిషను పాస్టరుగారు గుమ్మంలో నిలబడి, "ఏందమ్మా ఇది?" అన్నారు.

పెద్ద టీచరమ్మ తూలుతూ, ఆయనకు బదులు బీరువాకు దణ్ణం పెట్టి, "డ్రిల్లండీ," అంది.

పిల్ల ఊగుతూ వెళ్లి ఆయన చేతులందుకుంది. ఆయన తెల్ల లాల్చీ గొడుగులా విచ్చుకుంది.

ఆ తర్వాతా ఆ పిల్లకు అలాంటి గడియలు వచ్చాయి. నేను గొంతు తగ్గించి కింద కూర్చునేదాన్ని. కొన్నిసార్లు ఆటతో తేలేది, కొన్నిసార్లు నిద్రతో.

ఒప్పులకుప్ప ఆడిన ఆ సాయంత్రం మాత్రం నేను ఇంకా తూలుతూనే ఇంటికి బయల్దేరాను. మా వీధి కొట్లో కూర్చున్న శెట్టిగారి భార్య చూసి, "ఏమే, కల్లుగాని తాగావా ఏంది?" అంది. నవ్వాగక, ఆవిడ అరుగు మీదే కూర్చుండిపోయాను.