వడ్డించాక వచ్చే దడ

పెద్దిరాజు గుండెను అన్నం పెట్టి కాపాడుకుందామనుకుంది నాగమల్లేశ్వరి. ఆమెకు తెలిసిన దారి అదొక్కటే. పెళ్ళయినప్పటి నుంచీ అతను సముద్రం మీద వేటకు వెళ్ళడం, ఆమె చేపల గంపతో నిజాంపట్నం నుంచి బస్సెక్కి రేపల్లెలో అమ్ముకురావడం. బోటు దిగిన మగాడికి కొసరి కొసరి పెట్టని ఇల్లాలికి ఆ పేటలో మంచి పేరు రాదు. చెంబెడు నీళ్ళలో ఐసు ముక్క వేసివ్వడం, తిన్న వెంటనే మంచం వాల్చడం కూడా ఆ మర్యాదలోవే.

ఆ మంచం మీదే మొదటిసారి దడ వచ్చింది.

"గుండెలో చేప కొట్టుకుంటున్నట్టుందే" అన్నాడు పెద్దిరాజు.

చెయ్యి వేసి చూసింది. నిజంగానే ఒక వరస లేకుండా కొట్టుకుంటోంది.

బాపట్ల తీసుకెళ్ళి ఈసీజీ తీయించేసరికి దడ తగ్గిపోయింది. కాగితం మీద అంతా మామూలే. మాత్రలిచ్చి పంపారు. ఆమెకు ధైర్యం చాల్లేదు.

"నడిసముద్రంలో వస్తే నిన్నెవరు పట్టుకుంటారయ్యా?" అని వేట మాన్పించింది.

పెద్దిరాజు బోటులో తన చోటు తమ్ముడి కొడుక్కి ఇచ్చి, పొద్దంతా ఊరివాళ్ళ వలలు బాగుచేస్తూ కూర్చునేవాడు. బోట్లు బయల్దేరే వేళకు రేవు వైపు చూడకుండా తల వంచుకునేవాడు. జబ్బు మనిషని ఆమె ఇంకో గరిటె ఎక్కువే వడ్డించింది. దడ తగ్గకపోగా తరచుగా రాసాగింది.

చివరికి తెనాలిలో తనూజ అనే గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆవిడ అతని ఛాతీకి గుండె కొట్టుకునే తీరును నమోదు చేసే చిన్న మిషను తగిలించి, "రేపటిదాకా మామూలుగా ఎలా ఉంటారో అలాగే ఉండండి" అంది. నాగమల్లేశ్వరి ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది. వంజరం చేపల పులుసు వండింది.

మర్నాడు డాక్టరు మిషను విప్పి చూసి, "నిన్న మధ్యాహ్నం ఏం చేశారు?" అని అడిగింది.

"అన్నం తిని పడుకున్నానండి."

"ఎంత తిన్నారు?"

పెద్దిరాజు పెళ్ళాం వైపు చూశాడు. "ఆవిడ పెట్టినంతండి."

డాక్టరు నవ్వు ఆపుకుంది. "వల లాగేటప్పుడు ఎప్పుడైనా వచ్చిందా?"

"ఒక్కసారి కూడా లేదండి."

అప్పుడు ఆవిడ వివరంగా చెప్పింది. మన ప్రమేయం లేకుండా గుండెను నడిపించే నరాలు రెండు రకాలు. పనిలో ఉన్నప్పుడు ఒకటి గుండెను పరుగెత్తిస్తుంది. తిని పడుకున్నప్పుడు రెండోది నెమ్మదింపజేస్తుంది. కొందరికి ఆ రెండోదాని పట్టు ఎక్కువై గుండె పై గదులు లయ తప్పుతాయి. నిండు భోజనం, చల్లటి నీళ్ళు, వెంటనే పడక, మూడూ దాన్ని రేపేవే.

నాగమల్లేశ్వరి కుర్చీ ముందుకు జరుపుకుంది. "అంటే నేనేనా మేడమ్, తెచ్చిపెట్టింది?"

"జబ్బు ఆయనలోనే ఉందమ్మా. మీరు తెలియక దాన్ని లేపారు, అంతే."

స్కానింగు చేసి, మాత్రలు మార్చింది. ఒంటరిగా వెళ్ళకుండా, కళ్ళు తిరిగితే వెంటనే ఒడ్డుకొచ్చేలా, దగ్గరి వేటకు పోవచ్చంది. ఆ మాటకు పెద్దిరాజు లేచి నిలబడ్డాడు, బోటు బయటే ఉన్నట్టు.

రేపల్లె రైల్లో నాగమల్లేశ్వరి కిటికీలోంచే చూస్తూ కూర్చుంది.

"ఉత్తపుణ్యాన నిన్ను ఒడ్డున కట్టేశాను" అంది చివరికి.

"కట్టేస్తే కట్టేశావు, పులుసుతో కట్టేశావు" అన్నాడతను. "రేపట్నుంచి పస్తులేనా ఏంటి?"

"నోర్మూసుకో" అంది కళ్ళు తుడుచుకుంటూ.

మళ్ళీ వేటకు వెళ్ళొచ్చిన రోజు, పక్కింటి కృపమ్మ గుమ్మంలోంచి కంచం చూసింది.

"ఏమ్మా, కష్టపడొచ్చినోడికి అంతేనా పెట్టేది?"

నాగమల్లేశ్వరి చెయ్యి గరిటె మీదికి పోయి ఆగింది. "అంతేనక్కా. కావాలంటే సాయంత్రం ఇంకోసారి పెడతాను."

చెంబులో మామూలు నీళ్ళు పోసింది. తినడం అవ్వగానే మంచం గోడకు ఆనించి, అతన్ని రేవు దాకా నడిపించుకెళ్ళింది. పేట పేటంతా చూస్తుండగానే, మధ్యలో ఆగి గుండె దగ్గర అతని చొక్కా మీద అరచెయ్యి ఆనించింది.

"ఏంటే, అందరూ చూస్తున్నారు" అన్నాడు పెద్దిరాజు.

"చూడనీ" అంది, చెయ్యి తీయకుండా.