మగ్గమింటి కంప్యూటర్‌కి మూడో కాల్

నేను రిటైరవడానికి ముందటి వర్షాకాలంలో బరంపురంలోని ఒక కంప్యూటర్ సర్వీసు సెంటర్లో సీనియర్ ఇంజనీర్‌ని. పేరుకే ఇంజనీర్. చదివింది ఐటీఐ. కంప్యూటర్ విద్యంతా లైబ్రరీలో డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు మాన్యువళ్ళ నుంచి నేర్చుకున్నదే. ఆ సంగతి చెప్పుకోవడం నాకిప్పటికీ ఇష్టం. మా సెంటర్లో ఒక నియమం ఉండేది: ఒకే ఫిర్యాదు మీద మూడోసారి ఫోన్ వస్తే సీనియరే వెళ్ళాలి.

అలా ఒక పట్టు నేత ఇంటికి వెళ్ళాను. ఆ ఇంటి కోడలు సుగుణ కంప్యూటర్లో చీర అంచుల డిజైన్లు గీస్తుంది. పని మధ్యలో తెర నీలంగా మారి, ఒక కోడ్ చూపించి, కంప్యూటర్ ఆగిపోతోంది. మా జూనియర్ రెండుసార్లూ విండోస్ మళ్ళీ ఎక్కించి వచ్చాడు. ఆ సాయంత్రానికి గేట్ బజార్ దుకాణానికి పెళ్ళిచీర అంచు ఇవ్వకపోతే ఆ పని వేరేవాళ్ళకి పోతుంది. భార్యే ఇంటర్నెట్ నుంచి ఏవేవో ఎక్కించి పాడుచేసిందని, ఇక దీన్ని ఇంట్లోంచి తీసేద్దామని ఆమె భర్త అంటున్నాడు. సుగుణ అతనితో వాదించలేదు. "సారు సూసి సెప్తారు," అంది.

ఆగిన ప్రతిసారీ విండోస్ ఒక చిన్న ఫైలు రాసి ఉంచుతుంది. అవి తెరిచాను. ఏదో ఒక ప్రోగ్రామ్ తప్పయితే సాధారణంగా ఒకే కోడ్ తిరిగి తిరిగి వస్తుంది. ఇక్కడ ప్రతిసారీ వేరే కోడ్. అలాంటప్పుడు ముందు ర్యామ్‌ని, అంటే మెమరీ పలకల్ని, అనుమానించాలి. పరీక్ష పెడితే తప్పులు బయటపడ్డాయి. క్యాబినెట్ పక్క రేకు విప్పాను. ఫ్యాన్‌కి, డిస్క్‌కి, ర్యామ్ పలకలకి, అన్నిటికీ పసుపు కుంకుమ బొట్లు. పలకల మీది తడి పసుపు జారి కింద గాడిలో ఎండింది. వానాకాలపు చెమ్మకి మళ్ళీ మెత్తబడుతోంది.

సుగుణ మావగారు గురవయ్య మగ్గం మీంచి లేచి వచ్చాడు. విశ్వకర్మ పూజ నాడు కొడుకు దుమ్ము దులపడానికి రేకు విప్పితే, బొట్లు తనే పెట్టానన్నాడు.

"మగ్గంలో అచ్చుకీ నాడెకీ అన్నిటికీ పెడతాం గదా బాబూ. దీనికి పై డబ్బాకి పెట్టీసి ఊరుకుంటే ఏటి మర్యాద? పని సేసేది లోపలిదే గదా."

కొడుకు, అదే సుగుణ భర్త, గదిలో ఫ్యాన్ వేసే వంకతో అక్కణ్ణుంచి లేచాడు.

ప్లగ్ తీసి, పలకలు ఊడదీసి, వాటి బంగారు రంగు అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, స్పిరిట్‌తో గాడి శుభ్రం చేశాను. మళ్ళీ పరీక్ష పెడితే ఒక్క తప్పూ రాలేదు. సుగుణ గీయడానికి కూర్చుంది. తెర నీలం కాలేదు. పొద్దు వాలకముందే ఆ డిజైన్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని గేట్ బజార్‌కి బయల్దేరింది ఆమె భర్తే.

వచ్చే పూజకి బొట్టు మానేయాలా అని గురవయ్య నన్నడిగాడు. నేను జవాబిచ్చేలోపే సుగుణ తెర మీంచి తల తిప్పకుండానే అంది: "మౌస్‌కి పెట్టండి మావయ్యా. రోజల్లా నా సెయ్యి దాని మీదే. తడి మాత్రం వొద్దు."

ఆ తరవాత ఏ ఇంటికి వెళ్ళినా, పరీక్షలకి ముందే, డబ్బా చివరిసారి ఎవరు తెరిచారో, ఎందుకు తెరిచారో అడిగేవాణ్ణి. అడిగే తీరులో తప్పు పడుతున్నట్టు ఉంటే నిజం చెప్పరు. కోడ్‌ల అర్థాలు పుస్తకాల్లో ఉన్నాయి. ఈ అడిగే తీరు మాత్రం ఇళ్ళలోనే నేర్చుకోవాల్సి వచ్చింది.