అత్తగారి కాలు, శ్రీలక్ష్మి మిషను

వెంకాయమ్మకి కోర్టు వాయిదా అంటే పెళ్ళికి వెళ్ళినట్టే. ముందురోజే తలంటుకుని, పొద్దున్నే జరీ అంచు నేతచీర కట్టుకుని, చంకకర్ర ఠక్కుఠక్కుమనిపించుకుంటూ గుడ్లవల్లేరు సెంటర్లో బందరు బస్సు కోసం నిలబడేది. వెనకాల కోడలు శ్రీలక్ష్మి, చేతిలో పులిహోర క్యారియరుతో. బస్సెక్కగానే ముందు సీటు ఖాళీ చేయించాల్సిందే.

"కేసున్న మనిషిని నాయనా! నిలబడి వెళ్తే జడ్జిగారేమనుకుంటారు?" అనేది కండక్టరుతో.

జడ్జిగారు ఏమీ అనుకునేవారు కాదు. పేరు పిలిపించి, ఇంకో తేదీ వేసేవారు. ఈలోపు కోర్టు వరండాలో వెంకాయమ్మ ఎవరి కూతురికో సంబంధం చెప్పేది, ఎవరి మోకాళ్ళ నొప్పికో వైద్యం చెప్పేది, బంట్రోతుకి పులిహోర పెట్టి వాళ్ళావిడ పురిటి కబుర్లు అడిగేది. శ్రీలక్ష్మి గోడవారగా నిలబడి అన్నీ చూసేది. తొమ్మిదో తరగతిలో బడి మానిన పిల్ల. పదిమందిలో గొంతు పెగిలేది కాదు.

"నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా అమ్మాయ్? రేపు నువ్వూ సాక్ష్యం చెప్పాలి."

"మీరున్నారుగా అత్తయ్యా."

ఇంతకీ కేసు సంగతేమిటంటే, పక్క ఊరి మధుసూదనరావు ట్రాక్టరు గడ్డి లోడుతో కాలవగట్టు మలుపు తిరుగుతూ, కోడలితో కలిసి కూరగాయలకి వెళ్తున్న వెంకాయమ్మని వెనక తగిలించిన ట్రక్కుతో ఈడ్చి పడేసింది. తొడ ఎముక విరిగింది. గుడివాడలో ఆపరేషను చేసి రాడ్డు వేశారు. కొడుకు వెంకట్ దగ్గర చేతిలో ఉన్నది సరిపోలేదు. శ్రీలక్ష్మి తన కుట్టుమిషను అమ్మి ఆ డబ్బు అత్తగారి చేతిలో పెట్టింది. పుట్టింటివాళ్ళు ఇచ్చిన మిషను అది. ఊళ్ళో సగం జాకెట్లు దానిమీదే తయారయ్యేవి. గడప దాటకుండా, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకుండా, తనకంటూ నాలుగు రూపాయలు వచ్చే దారి అదొక్కటే. మిషను పోయాక శ్రీలక్ష్మి ఇంకా మౌనంగా అయిపోయింది.

"కేసు గెలవగానే ముందు నీ మిషను, అది కొన్నాకే నాకు కాఫీ," అని వెంకాయమ్మ ఒట్టు పెట్టుకుంది.

మధుసూదనరావు బండికి ఇన్సూరెన్సు కట్టడం మరిచిపోయాడు. ఏదొచ్చినా ఆయన జేబులోంచే పోవాలి. అందుకని "ముసలామెకి కళ్ళు కనపడవు, తనే అడ్డం వచ్చింది" అని వాదన పెట్టించాడు. ఆ మాట విన్నరోజు వెంకాయమ్మ బందరు బస్టాండంతా వినపడేలా తిట్టింది.

సాక్ష్యం చెప్పే రోజు రాకముందే, ఆ వానాకాలం విషజ్వరం వచ్చి వెంకాయమ్మ పోయింది. కాలికీ జ్వరానికీ ఏ సంబంధమూ లేదని డాక్టరే అన్నాడు.

దినానికి మధుసూదనరావు వచ్చాడు. పిలవకపోయినా వచ్చాడు. ఆ ఊళ్ళో దినం భోజనానికి కూర్చున్నవాడితో పంతం పెట్టుకోరు. వెంకట్ స్వయంగా విస్తరి వేసి, గారెలు కొసరి కొసరి వడ్డించాడు. చేతులు కడుక్కుంటూ పెద్దమనుషులు వినేలా మధుసూదనరావు అన్నాడు:

"మహా మనిషి. ఆవిడతోపాటే ఆ కేసు గొడవా పోయినట్టేగా, వెంకట్?"

"అంతే బాబాయ్. ఇంకా ఏం కేసు," అన్నాడు వెంకట్.

లోపల గారెలు తీస్తున్న శ్రీలక్ష్మి చెయ్యి నూనె మూకుడు మీద ఆగిపోయింది.

కొన్నాళ్ళకి జాకెట్టు గుడ్డ కొనాలని చెప్పి ఆమె ఒక్కతే గుడివాడ వెళ్ళింది. ప్లీడరు పూర్ణచంద్రరావు గారి గుమ్మం దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగి, మూడోసారి లోపలికెళ్ళింది.

"అత్తయ్యగారు పోతే... కేసు కూడా పోతుందాండీ?"

"సగం పోతుందమ్మా," అన్నాడాయన. "ఆవిడ పడ్డ నొప్పికి, బాధకి, కుంటిదైపోయినందుకు అడిగిందంతా ఆవిడతోనే పోయింది. ఒకరి నొప్పికి ఇంకొకరు ఖరీదు అడగలేరు. ఆస్పత్రికి, మందులకి పెట్టింది మాత్రం ఆవిడ ఆస్తిలోంచి పోయినట్టు లెక్క. అది వారసులు అడగొచ్చు. పోయిన మూడునెలల్లోపు మీ ఆయన వచ్చి, అమ్మ స్థానంలో తన పేరు చేర్పించమని అర్జీ పెట్టాలి. లేదంటే అదీ పోతుంది."

"నా పేరు పనికిరాదాండీ?"

"కొడుకుండగా కోడలు వారసురాలు కాదమ్మా. కానీ ప్రమాదం చూసింది నువ్వేగా. సాక్ష్యం నువ్వే చెప్పాలి."

ఇంటికొచ్చి చెబితే వెంకట్ తల పట్టుకున్నాడు.

"పదిమందిలో మాటిచ్చాను లక్ష్మీ. మనింట్లో భోంచేసినవాడు. ఏ మొహం పెట్టుకుని కోర్టుకెళ్ళను?"

శ్రీలక్ష్మి బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తలేదు. "మీరు అత్తయ్య కాలు వదిలేస్తానని మాటిచ్చారు. అది ఎలాగూ పోయిందని ప్లీడరుగారే చెప్పారు. నా మిషను వదిలేస్తానని నేనెవరికీ మాటివ్వలేదండీ."

వెంకట్ ఆమెవంక చూశాడు. పెళ్ళయ్యాక ఆమె అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు. మర్నాడు చొక్కా ఇస్త్రీ చేయించుకుని గుడివాడ వెళ్ళి సంతకం పెట్టొచ్చాడు.

బోనులో నిలబడ్డ రోజు శ్రీలక్ష్మి ముందున్న కమ్మీని రెండు చేతులా పట్టుకుంది. ఎదుటి వకీలు గట్టిగా అడిగాడు:

"మీ అత్తగారికి కళ్ళు సరిగ్గా కనపడవు. అవునా?"

ఆ మాట చెవిన పడగానే ఆమెకి భయం పోయి కోపం వచ్చింది.

"ఆవిడకి కనపడకపోవడమేంటండీ! బస్సులో ఆఖరి సీటులో ఉన్నావిడ చీర చూసి ఎక్కడ కొన్నదో చెప్పేవారు. కనపడంది మీ డ్రైవరుకి. గడ్డిమీద కూర్చున్నవాడితో కబుర్లాడుతూ వెనక్కి తిరిగున్నాడు. నేను అరిచాను కూడా."

"మీరు అరిచారా? మీకసలు గొంతే లేదే!"

"ఆ రోజు ఉందండీ."

జడ్జిగారు దగ్గినట్టు చేసి రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

ఆ తర్వాత మరికొన్ని వాయిదాలు పడి తీర్పొచ్చింది. తప్పు డ్రైవరుదే అన్నారు. కాలికి, బాధకి ఏమీ ఇవ్వలేదు. ఆస్పత్రి, మందుల ఖర్చు ఇమ్మన్నారు. మధుసూదనరావు నెలరోజులు వెంకట్‌తో మాట్లాడలేదు. డబ్బు మాత్రం కట్టాడు.

కొత్త మిషను గుడివాడ నుంచి బస్సు టాపు మీద వచ్చింది. దాన్ని కిటికీ పక్కన పెట్టి నూనె వేస్తుంటే, గుమ్మంలోకి మధుసూదనరావు భార్య అన్నపూర్ణ వచ్చింది, చంకలో జాకెట్టు గుడ్డతో.

"మా ఇంటి డబ్బుతోనే కొన్నావుగా. కూలి తగ్గించి కుట్టు," అంది, నవ్వుతోందో పొడుస్తోందో తెలియకుండా. "మీ అత్త కాలు భలే గిట్టుబాటైంది నీకు."

వెంకట్ వాకిట్లోంచే గబగబా ఏదో సర్దిచెప్పబోయాడు. శ్రీలక్ష్మి అతన్ని మాట్లాడనివ్వలేదు.

"కాలికి ఏమీ రాలేదు పిన్నిగారూ. మందులకే వచ్చింది," అంది, టేపు మెడలో వేసుకుని లేస్తూ. "కూలి తగ్గదండీ. చేతులు ఎంత పొడుగు పెట్టమంటారు?"