మల్లి తోకవెంట్రుక

తింటున్న అన్నం మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి... మధ్యలో నవ్వితే మాత్రం ఊరుకోను.

మాది గజపతినగరం పక్క పల్లె. పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు తిప్పుతాం. తిప్పేది మా ఆయన. మేపేది, కడిగేది నేను. రెండుండేవి... గోధుమరంగు రాజు, తెల్లటి మల్లి. పాక వాసాల్లో పిచ్చుకలు గూళ్ళు కట్టేవి. మల్లి వీపు మీద వాలి దర్జాగా వెంట్రుకలు పీక్కుపోయేవి. అది కిమ్మనేది కాదు.

మల్లికి వయసు మళ్ళింది. అమ్మేద్దామని ఆయన, నేనుండగా కుదరదని నేను. మొన్న మాఘంలో ఒక పెళ్ళికని దాని తోకకు మొదలంటా గోరింటాకు పట్టించాను. ఎర్రగా పండింది. ఆ పెళ్ళి కాగానే అమ్మకు బాగోలేదని గరివిడి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మల్లి లేదు. కడుపునొప్పితో చచ్చిపోయిందట. మెట్టలో పూడ్చేశాడట. ఏడ్చాను. నమ్మాను. మొగుడి మాట కదా! శుద్ధి అంటూ పాత గూళ్ళన్నీ పీకేసి పాకంతా సున్నం కొట్టాడు. పిచ్చుకలు మళ్ళీ కట్టుకున్నాయి.

ఎండాకాలం. ఒక రాత్రి కరెంటు లేదు. పాకలోంచి చప్పుడు. టక్... టక్... ఆకలేస్తే మల్లి కాలితో బకెట్టును అలాగే తన్నేది. రాజు ఏనాడూ తన్నలేదు.

ఫోను లైటు వేసుకుని వెళ్ళాను. రాజు మూలకు ఒదిగి వణుకుతున్నాడు. మల్లిని కట్టేసే చోట ఏమీ లేదు. అక్కడ బకెట్టు కూడా లేదు... చప్పుడు మాత్రం వస్తూనే ఉంది. టక్... టక్...

ఆగింది.

నా మెడ మీద... వేడిగా ఊపిరి. ఉలవల వాసన. వెనక్కి తిరగలేదు... తిరగలేకపోయాను. పైన పిచ్చుకలన్నీ ఒక్కసారి కిచకిచమన్నాయి. గూట్లోంచి ఏదో జారి నా చేతి మీద పడింది.

వెంట్రుక. పొడుగ్గా ఉంది. కిందంతా ఎర్రగా... మొదట్లో నాలుగు వేళ్ళ మేర తెల్లగా.

నేను మొదలంటా పట్టించానే! ఆ తెలుపు తర్వాత పెరిగిందే కదా... చచ్చినదానికి వెంట్రుక పెరుగుతుందా?

వాకిట్లో మంచం మీదున్న ఆయన్ని కుదిపి లేపాను.

"మావా, ఇదేటి? సూడు."

కళ్ళు తెరిచాడు కానీ నా చేతి వంక చూడలేదు. "పాత గూట్లోదయ్యుంటాదే. పడుకో."

"పాత గూళ్ళు నువ్వే కదేటి పీకేసినావు? నిజం సెప్పు మావా... మల్లిని ఏటి సేసినావు?"

"సచ్చిపోనాదని సెప్పినాను కదే, ఎర్రిదానా!" అని అటు తిరిగి పడుకున్నాడు.

తెల్లారి పాకలో చూస్తే ఆ గూడు లేదు. కింద రెండు పిచ్చుక కూనలు... కళ్ళు కూడా తెరవనివి. చీమలు పట్టేశాయి. "పిల్లి లాగేసినాదేమోనే" అన్నాడు. వాసానికి ఆనించిన నిచ్చెన ఇంకా అక్కడే ఉంది. పిల్లికి నిచ్చెనెందుకు? ఇన్నేళ్ళు కాపురం చేసినవాడు నన్నింత తేలిగ్గా మోసం చేస్తాడా?

మల్లి బతికుంటే ఆ ఊపిరి ఎవరిది? చచ్చిపోతే ఈ వెంట్రుక ఎలా పెరిగింది? ఇప్పటికీ నాకు తెలీదు. ఎక్కడ పూడ్చావో ఆ చోటు చూపించమని రోజూ అడుగుతున్నాను.

రోజూ అదే మాట... "రేపు సూపిత్తానే."