సరిచూడని అంకె

ఉపగ్రహం పంపే గాలి వేగాన్ని బట్టి, సముద్రం ఎంత బొగ్గుపులుసు వాయువు పీల్చుకుందో అంచనా కట్టడం ఆమె పని. గాలి పెరిగితే అంకె పెరుగుతుంది. కళ్లద్దాలు నెత్తిమీదికి తోసుకుని, వాటికోసం బల్లంతా వెతుక్కుంటుంది. ఓడ మీద తిరుగుతూ నీళ్లు తోడి అందులోని వాయువును నేరుగా కొలిచే తమ్ముడు ఫోన్ చేసి, "మళ్లీ లెక్క తప్పావక్కా!" అని నవ్వేవాడు. ఆమె వాణ్ణి తిట్టుకుంటూనే పెన్ను తీసి దిద్దుకునేది.

ఆ ఓడ తుఫానులో మునిగిపోయింది. సంగతి తెలియని కొత్త అధికారి ఆనాటి లెక్క చూసి, "ఏడాది మొత్తమ్మీద ఇదే పెద్ద అంకె మేడమ్!" అని సంబరపడ్డాడు. "అవునండీ," అంది. ఆ అంకె తప్పని చెప్పేవాళ్లు లేరు.

ఇప్పటికీ ఫోన్ మోగితే ఆమె చెయ్యి ముందు పెన్ను మీదికే పోతుంది.